పెదాల వెనక వచ్చిన మాట

తెలంగాణ రాష్ట్రం రావడానికి కొద్దిగా ముందు, ఉప్పల్ రోడ్డు మధ్యలో మెట్రో పిల్లర్లు లేస్తున్న రోజుల్లో, మా అత్తమ్మ కోసం ఒక వైర్‌లెస్ స్పీకర్ కొన్నాను. ఆమె మా దగ్గరే ఉండేది. చెవులు సరిగ్గా వినిపించవు. మేముండేది మేడ మీద పోర్షన్. ఆమెకు వినిపించేలా టీవీ పెడితే కింద పోర్షన్ వాళ్ళకు సీరియల్ మొత్తం తెలిసిపోయేది. దూరం పోయేకొద్దీ శబ్దం తగ్గుతుంది కాబట్టి దాన్ని ఆమె చెవి దగ్గరికే చేరిస్తే తక్కువ సౌండుతో పని జరుగుతుందని లెక్క వేశాను. పదో తరగతితో నా చదువు ఆగింది కానీ లెక్కలు ఆగలేదు. ఇంట్లో ఏ ఇబ్బంది వచ్చినా ముందు లెక్క వేస్తాను.

మా టీవీకి బ్లూటూత్ లేదు. వెనక గుచ్చే చిన్న డబ్బీ కూడా స్పీకర్‌తో పాటు తెచ్చాను. అది గుచ్చగానే టీవీ నోరు మూసుకుంది, అత్తమ్మ కుర్చీ పక్కనుంచి మాట వచ్చింది. కాస్త ఆలస్యంగా వచ్చింది.

"ఇదేంది, డబ్బింగ్ సినిమా లెక్కనే ఉంది," అంది నా భార్య.

"జర అలవాటైతే తెల్వది," అన్నాను.

మాకు అలవాటైంది. అత్తమ్మకు కాలేదు. సీరియల్ సగంలోనే లేచి లోపలికి పోసాగింది. సౌండు పెంచితే ఇంకా తొందరగా లేచింది. కొన్నాళ్ళకు భోజనం దగ్గర కూడా ఏమడిగినా ఊరికే తల ఊపడం మొదలుపెట్టింది. ఒకరోజు కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుంది.

"మాటలు ఇనవడుతున్నయ్ బిడ్డా, సమజైతలేవు. మా అక్కకు గూడ గిట్లనే షురువైంది. ఆఖరికి నన్నే గుర్తువట్టలె. నాకు గూడ తెల్వి పోతుంది."

ఆ అక్కను చివరిదాకా చూసుకున్నది అత్తమ్మే. అందుకే మేము ఆ మాటను తేలిగ్గా తీసుకోలేదు. మెదడు డాక్టరుకు చూపిద్దామన్నాం. ఆమె రానంది. ఎంత బతిమాలినా, "నాకెరికే గద, ఆయన కొత్తగ చెప్పేదేముంది?" అని గోడవైపు తిరిగి పడుకుంది.

మనసు తేలికవుతుందని నా భార్య నాచారం నుంచి అత్తమ్మ స్నేహితురాలిని పిలిపించింది. ఇద్దరూ అక్కడి నూలు మిల్లులో ఒకే సెక్షన్‌లో పనిచేశారు. అత్తమ్మ చెవులు చెడింది ఆ మిషన్ల మోతకే. ఆవిడ వచ్చేసరికి మా పిల్లలు క్రికెట్ పెట్టుకుని స్పీకర్‌ను మోగిస్తున్నారు. ముసలివాళ్ళిద్దరూ గదికి చెరొక పక్క కూర్చున్నారు. నేను పేపర్ చదువుకుంటూ, కాసేపటికి తల ఎత్తి చూశాను. అత్తమ్మ పకపకా నవ్వుతోంది. ఇద్దరి పెదాలూ ఆగకుండా కదులుతున్నాయి. నాకు మాత్రం ఒక్క మాటా వినిపించడం లేదు.

"ఏం మాట్లాడుతున్నరు? నాకేం ఇనవడ్తలేదు," అన్నాను.

స్నేహితురాలు నావైపు తిరిగింది. "ఇనవడుడేంది కొడుకా? మిషన్లు నడుస్తుంటే ఎవలికి ఇనవడ్తది? మూతి సూసుకుంట మాట్లాడుడే. సూపర్‌వైజర్‌ను వాని ముంగటనే తిట్టేటోళ్ళం. పాపం, వాడు పనిగురించనుకునేటోడు!"

టీవీలో బ్యాట్స్‌మన్ కొట్టాడు. బంతి పోతుండగా బ్యాటు చప్పుడు వచ్చింది. మా ఉప్పల్ స్టేడియంలో పైవరుసలో కూర్చుంటే అచ్చం అలాగే వస్తుంది. సుమారు పావు సెకను. ఆ సమయంలో శబ్దం గాలిలో ఎనభై మీటర్లకు పైనే పోతుంది. నేను మాటను అత్తమ్మ చెవికి రెండడుగుల దూరానికి తెచ్చాననుకున్నాను. నిజానికి గ్రౌండ్ అవతల పెట్టాను. ఆమె సగం చెవితో, సగం కంటితో వినేది. పెదాలు ఒక మాట మీద ఉంటే చెవిలో అంతకు ముందు మాట పడుతోంది. హిందీ నుంచి డబ్బింగ్ చేసిన సీరియళ్ళు ఆమెకు ఎప్పుడూ నచ్చకపోవడం కూడా ఇందుకేనేమో.

స్పీకర్‌కు వైరు పెట్టుకునే రంధ్రం ఉంది. ఉప్పల్ చౌరస్తాకు పోయి పొడుగు వైరు తెచ్చి, గోడ వెంబడి టేపు వేసి అతికించాను. వార్తలు పెట్టి ముందు డబ్బీతో, తర్వాత వైరుతో వినిపించాను.

"తెల్వి నీది మంచిగనే ఉంది అత్తమ్మా. ఈ డబ్బీనే మాటను లేటుగ తెస్తుంది."

ఆమె నమ్మలేదు. "మళ్ళ జెయ్," అంది. చేశాను. "ఇంకోపారి." స్నేహితురాలికి బస్సు టైమవుతోంది. "నువ్వు నమ్మేదాక నేను ఈడనే పండుకోవాల్నా ఏంది?" అందావిడ. ఆఖరికి అత్తమ్మ, నేను సైగ చేస్తానేమోనని నన్ను కళ్ళు మూసుకోమని, టీవీ వెనక వైరు ఉందో డబ్బీ ఉందో తెర మీది పెదాలను బట్టి తానే చెబుతానంది. టీవీ వెనక పిల్లలు మార్చారు. ప్రతిసారీ సరిగ్గా చెప్పింది. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"దవాఖానాకు పోదాం పా," అంది కూతురితో. "చెవులకైతే వస్త."

ఆ వారమే తీసుకుపోయాం. చెవుల డాక్టరు తల వంచి చీటీ రాసుకుంటూ ఏదో అడిగాడు. జవాబు చెప్పబోయిన నన్ను అత్తమ్మ చేత్తో ఆపింది.

"సారూ, ఇటు సూసి అడుగుండ్రి," అంది. "నేనే చెప్త."