వరద తర్వాత పులిహోర

మీరు పంపేది సాయం కాదు, మీకు చేతనైన వంట. అవును, మిమ్మల్నే అంటున్నాను. కుందూ నది వరదలో మునిగిన ఊళ్ల కోసం నంద్యాలలో మీరంతా తెచ్చిచ్చిన పులిహోర పొట్లాలను ఆటోలో వేసుకుని ఈ రోజు శిరివెళ్ల దగ్గరి ఒక ఊరికి వెళ్లాను.

మాబున్ని అనే ఆమె తన ఇంట్లోని బురదను సత్తు పళ్లెంతో ఎత్తిపోస్తోంది. పొట్లం ఇవ్వబోతే చేయి వెనక్కి లాక్కుంది.

"ఏందన్నా, మళ్లా పులిహోరేనా? నిన్న ఆళ్లగడ్డోళ్లు అదే, పొద్దున ఇంకెవరో అదే. ఆటో సప్పుడింటే మా పిల్లోళ్లు దాంకుంటాండారు."

"మరేం కావాలమ్మా?"

"రొట్టె తినాలన్నా. పొయ్యి బురద కింద ఉండాది, జొన్నలు నాని మొలకలొచ్చినాయి. ఒక పార ఉంటే ఇల్లన్నా బాగుచేసుకుందుము. పిల్లోళ్లు ఇంకా బడిలోనే పండుకుంటాండారు."

అంతలో నా ముఖం చూసి జాలిపడింది. "ఎండన పడి వచ్చినావ్, తిన్నావో లేదో. కూసో" అంటూ పొద్దున వచ్చిన పొట్లమొకటి నా చేతిలోనే పెట్టింది. నేనే వరద బాధితుణ్నయినట్టు కూర్చుని తిన్నాను. ఉప్పు తక్కువైంది. అదీ మీలో ఎవరైనా చేసిందే అయితే కామెంట్లలో ఒప్పుకోండి.

ఎదుటివాళ్లకు ఏం కావాలో అడక్కుండానే మనకు తెలుసనుకోవడం కూడా పెత్తనమే. కాదనేవాళ్లు వాదించండి, నేను సిద్ధం. కానీ ముందు ఇవి పంపండి:

పారలు, గంపలు.
రొట్టెల పెనాలు.
ఎండిన కట్టెలు.
జొన్నపిండి.
బండి ఎక్కించే ముందు ఆ ఊరికి ఒక ఫోను.