ఆరో టైలు మీద అనుమానం

మంచం దగ్గర నుంచి బాత్‌రూమ్ తలుపు దాకా పదకొండు టైల్స్. గురువారం ఉదయం మట్టం మేస్త్రి అయిదో టైలు దాకా వచ్చి, వాకర్‌ను గట్టిగా పట్టుకుని ఆగిపోయాడు. కూతురు వచ్చి నడుం పట్టుకుంటే గాని ఆరోది దాటడు. మూడు నెలల కిందట పడింది అక్కడే. తుంటి ఎముక విరిగింది, లోపల రాడ్డు వేశారు. ఎముక అతుక్కుందని డాక్టరు ఎక్స్‌రే చూపించి మరీ చెప్పాడు. "ఫోటోల్లో అన్నీ బాగానే కనబడతాయి," అన్నాడు మేస్త్రి.

నలభై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ ఇళ్ళకి నేలలు పరిచినవాడు. జేబులో రసమట్టం లేకుండా గడప దాటేవాడు కాదు. ఎవరింటికి చుట్టపుచూపుగా వెళ్ళినా టీపాయ్ మీద దాన్ని పెట్టి, గాజు గొట్టంలో బుడగ నడిమధ్య నిలిచిందో లేదో చూసేవాడు. ఆ పేరు అలా వచ్చింది.

ఇప్పుడా చూపు సొంత ఇంటి మీద పడింది. మొదట కూతుర్ని అనుమానించాడు, తడిగుడ్డ సరిగా పిండకుండా తుడిచిందని. తర్వాత వాకర్ వంతు. రసమట్టం పెట్టి, ఒక కాలు నూలంత పొట్టి అని తేల్చాడు. ఆ తర్వాత ఫిజియోథెరపీ అమ్మాయి. ఆమె, కూతురు గుమ్మం దగ్గర గుసగుసలాడుకోవడం రెండుసార్లు ఆయన కళ్ళబడింది.

ఇంట్లో ఉండేది తండ్రీకూతుళ్ళిద్దరే. మేస్త్రి భార్య పోయి ఏడేళ్ళు. కూతురు రెడీమేడ్ బట్టల కార్ఖానాలో కటింగ్ మాస్టర్. సెలవు మీద సెలవు పెడుతూ నెట్టుకొచ్చింది. సోమవారం రాకపోతే ఆ బల్ల దగ్గర ఇంకొకరిని నిలబెడతామని కబురొచ్చింది. ఆమె వెళ్ళాలంటే ఈయన తనంతట తాను బాత్‌రూమ్‌కి వెళ్ళి రాగలగాలి.

"సోమవారమని ఎవరన్నారు?"

"మేనేజరు, నాన్నా."

"ఆ మాట నాతో అనమను."

"నీతో ఎందుకంటాడు? నువ్వేమైనా చొక్కాలు కత్తిరిస్తున్నావా?"

"నన్ను నడిపించడానికి నువ్వూ, ఆ ఫిజియో అమ్మాయీ కలిసి ఆడుతున్న నాటకం ఇది. నాకు తెలీదనుకోకు."

కూతురు ఫోన్‌లో మెసేజ్ చూపించింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చదివి, "ఎవరైనా పంపొచ్చు," అన్నాడు.

అసలు దోషి ఆరో టైలేనని ఆయన నిశ్చయానికి వచ్చాడు. కింద సిమెంటు సరిగా నిండకపోతే టైలు తట్టినప్పుడు డొల్లగా మోగుతుంది, కాలు వేస్తే కదులుతుంది. కర్రతో తట్టి చూస్తే ఆయన చెవికి అది డొల్లగానే వినబడింది. పైగా ఆ వరస పరిచింది బామ్మర్ది. భోజనం వేళయితే చాలు, చేతిలో పని ఎలా ముగుస్తుందో చూసుకోని మనిషి.

శనివారం బామ్మర్దిని పిలిపించారు. అరవై దాటినా ఇంకా తాపీ వదల్లేదు. కింద చతికిలబడి తాపీ పిడితో తట్టాడు.

"గట్టిగానే ఉంది బావా."

"నీ పనికి నీ చెవే సాక్ష్యమా? పగలగొట్టరా."

"పగలగొట్టేయ్ మామయ్యా," వంటింట్లోంచి కూతురు అరిచింది. "లేకపోతే రేపు నన్ను కూడా తట్టి చూస్తాడు."

డొల్ల టైలయితే రెండు దెబ్బలకు లేచి రావాలి. ఇది పావుగంట సతాయించి, ముక్కముక్కలుగా ఊడింది. కింద సిమెంటు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా నిండుగా ఉంది. మేస్త్రి వంగలేడు కనక బామ్మర్ది ఒక పెచ్చు ఊడదీసి చేతికిచ్చాడు. దాన్ని అటూ ఇటూ తిప్పి, గోటితో గీకాడు. రవ్వ రాలలేదు.

"బాగానే వేశావురా," అన్నాడు, నేరం మోపుతున్నట్టు.

"ఇన్నేళ్ళకి ఒప్పుకున్నావు. సంతోషం."

"అయితే నేల నన్ను పడేయలేదు."

"లేదు."

"మరి?"

"పడ్డావు బావా, అంతే."

ఆ మాట మేస్త్రికి మింగుడుపడలేదు. టైలుది తప్పయితే మార్చేసుకోవచ్చు. కాలిది తప్పయితే ఏం పీకి ఏం వేయాలి?

బామ్మర్ది కొత్త టైలు అతికించి, ఆరేదాకా ఎవరూ తొక్కకుండా రెండు కుర్చీలు అడ్డం పెట్టి వెళ్ళాడు. ఆదివారమంతా మంచం పక్కన బెడ్‌పానే గతి అయింది. కూతురు దాన్ని తీసుకెళ్ళి కడిగి తెచ్చింది. ఆమె మొహంలోకి ఆయన చూడలేదు.

సాయంత్రం ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చింది.

"భయం పోయాక నడుస్తాను," అన్నాడు.

"భయం పోయేదాకా ఆగినవాళ్ళు ఇంకా మంచం మీదే ఉన్నారు తాతగారూ. అనుమానాన్ని ఉండనివ్వండి. కాలు మాత్రం వేయండి."

ఈ పిల్ల తనను బుట్టలో వేస్తోందని మేస్త్రికి అర్థమయింది.

సోమవారం ఎనిమిదిన్నరకి కూతురు కుర్చీలు తీసేసి, చెప్పులు వేసుకుంది.

"ఫోన్ మెడలో తగిలించుకో నాన్నా. ఒకవేళ పడితే..."

"ఆ మాట ఎత్తకు."

"సరే, లేస్తే ఫోన్ చెయ్యి."

తలుపు పడింది. నిజంగా వెళ్ళిందా, మెట్ల మీద నక్కి చూస్తోందా అని ఆయన చాలాసేపు చెవులు రిక్కించి విన్నాడు.

పదిన్నరకి ఇక ఆపుకోలేక లేచాడు. ముందు వాకర్, వెనక ఆపరేషన్ కాలు, ఆ వెనక మంచి కాలు. ఆరో టైలు దగ్గర వాకర్‌తో రెండుసార్లు నొక్కి చూశాడు. నేల కదల్లేదు. వణికింది తన మోకాలే. వెనక్కి చూస్తే మంచం కూడా దూరంగానే ఉంది. గొణుక్కుంటూ కాలు వేశాడు.

మధ్యాహ్నం కార్ఖానా నుంచి కూతురు ఫోన్ చేసింది.

"వెళ్ళావా?"

"వెళ్ళొచ్చా."

"ఎంతసేపు పట్టింది?"

"ఎందుకు? అక్కడెవరైనా అడగమన్నారా?"

"నేనే అడుగుతున్నా, చెప్పు నాన్నా."

మేస్త్రి ఫోన్‌ను రెండో చెవికి మార్చుకున్నాడు.

"ఇరవై ఆరు నిమిషాలు," అన్నాడు.