పదిహేడో ప్రశ్న

ఏడవని ఆడదాన్ని మన జనం క్షమించరు. ప్రేమమణికి ఈ సంగతి నాలుగేళ్ల కిందటే తెలిసింది, వాళ్ల నాన్న నోవహు పోయిన మూడో రోజు మెట్టుగూడ ఇంట్లో జరిగిన ఆదరణ కూడికలో. పాటలు పాడారు, పాస్టరుగారు వాక్యం చెప్పారు, సంఘంలోని ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఆమె తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేయబోయారు. అలా చేతులు పడటం ఆమెకు చిన్నప్పటి నుంచీ గిట్టదు. లేచి లోపలికి వెళ్లి, వచ్చినవాళ్లు టీ తాగిన కప్పులన్నీ కడిగింది. కడిగినవే మళ్లీ కడిగింది. కన్నతండ్రి పోతే కంట చుక్క రాలేదని జనం గుమ్మం దాటకముందే చెవులు కొరుక్కున్నారు.

లోపల ఏముందో ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పడానికి ఆమె దగ్గర మాట లేదనుకోండి. చాలాసేపు కాలు ముడుచుకుని కూర్చుంటే తిమ్మిరెక్కుతుంది చూశారా, కాలు ఉంటుంది గానీ మనది కాదన్నట్టుంటుంది. మనిషంతా అలాగే అయిపోయింది. ఆ తిమ్మిరి ఇప్పటికీ పూర్తిగా దిగలేదు.

తర్వాత రెండేళ్లకు, ముప్పై ఆరో ఏట, పనిచేసేచోట ట్యూబులైటు చేసే చప్పుడు భరించలేక ఆమె తనంతట తానే డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఆటిజం అని తేల్చారు. తేల్చేముందు ఒక ఫారం ఇచ్చారు, ఆమెకు కాదు, వాళ్లమ్మ జ్ఞానమణికి. జ్ఞానమణి ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైన టీచరు, ఏ ప్రశ్ననూ ఖాళీగా వదిలే రకం కాదు. "దగ్గరివాళ్లు పోయినా బాధపడదు" అన్నచోట కళ్లజోడు సర్దుకుని "అవును" మీద టిక్కు పెట్టింది. కూతురు పక్క కుర్చీలోనే ఉంది. చూసింది. ఏమీ అనలేదు.

ప్రేమమణి మోండా మార్కెట్ దగ్గర ఒక పాత ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతుంది. పదమూడేళ్లుగా అదే కుర్చీ, అదే ఎర్ర పెన్ను. పెళ్లి కార్డులో పెళ్లికొడుకు తాత పేరు తప్పుపడినా ఆమె కన్నుగప్పి పోలేదు. మొన్న జూన్‌లో ఆ బల్ల మీదికి ఒక ప్రశ్నావళి వచ్చింది. ఆటిజం ఉన్నవాళ్ల గురించి వాళ్ల ఇంటివాళ్లు నింపాల్సింది. ఎవరో పరిశోధన చేసేవాళ్లు మూడు వేల కాపీలు అడిగారు. పదిహేడో ప్రశ్న దగ్గర పెన్ను ఆగింది. ఆ రోజు అమ్మ టిక్కు పెట్టిన అదే వాక్యం. అక్షరం తప్పు లేదు.

ఇది అచ్చయితే మూడు వేల ఇళ్లలో అమ్మలు కళ్లజోళ్లు సర్దుకుంటారని ఆమెకు అనిపించింది. పక్క కుర్చీల్లో కూర్చున్నవాళ్లు ఏమీ అనరు.

ప్రూఫు దిద్దేవాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. అక్షరం నీది, అర్థం రాసినవాడిది. అనుమానం వస్తే అంచున ప్రశ్నగుర్తు పెట్టి ఊరుకోవాలి. ప్రేమమణి గుర్తయితే పెట్టింది గానీ ఊరుకోలేదు. "బాధ ఉంటుంది. మీకు కనబడదు. ఆ మనిషినే అడగండి. నాకు ఆటిజం ఉంది, నన్ను అడగండి" అని ఎర్రగా రాసింది.

ఓనరు రఘునాథ్ తల పట్టుకున్నాడు.

"గిది మన పని కాదమ్మా. అక్షరాలు చూడు, చాలు. అర్థాలు వాళ్లు చూస్కుంటరు. రేపు పొద్దుగాల మిషన్ ఎక్కాలె, జెర కొట్టెయ్."

కొట్టెయ్యనంది. అదే మాట నాలుగుసార్లు అంది. ఇంత మంచి ప్రూఫు మనిషి మళ్లీ దొరకదని భయపడి, పాపం ఆయన ఆ కాగితాన్ని అలాగే పంపించేశాడు.

మూడో రోజు ఆ పరిశోధన చేసే అమ్మాయి శ్రీలలిత వచ్చింది. పోట్లాటకే వచ్చిందనుకున్నారంతా. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుని, మరి ఎలా అడగాలి అంది. ఆటిజం మీద ఇన్ని పుస్తకాలు రాశారే, అది ఉన్న మనిషిని ఈ చిన్న మాట అడగడానికి ఎంత కాలం పట్టిందో చూడండి. ఆటిజం ఉన్న మరో నలుగురిని కూడా శ్రీలలిత వెతికి పట్టుకుంది. ఎదురుబదురు కూర్చోవడం ఐదుగురికీ ఇష్టం లేదు కాబట్టి ఫోన్లో మెసేజీలతోనే వారం రోజులు వాదించుకున్నారు. చివరికి ప్రశ్న ఇలా తేలింది: "దగ్గరివాళ్లు పోయాక మీరు ఏం చేస్తూ వచ్చారు?" జవాబు చెప్పాల్సింది ఆ మనిషే.

అచ్చుకు ముందు ఎవరినైనా అడిగి చూడాలి. ఒక శనివారం మధ్యాహ్నం శ్రీలలిత మెట్టుగూడ ఇంటికి వచ్చింది. తల్లీకూతుళ్లిద్దరి ముందూ ప్రశ్న చదివింది. అలవాటు ఎక్కడికి పోతుంది, చదివి జ్ఞానమణి వైపే చూసింది. జ్ఞానమణి కూడా అలవాటుగానే, దానికి అలాంటివి తెలియవమ్మా, అంటూ మొదలుపెట్టింది.

"గేటు తీస్తాను," అంది ప్రేమమణి.

శ్రీలలిత ఆమె వైపు తిరిగింది.

"ఐదూ నలభైకి నాన్న స్కూటర్ వచ్చేది. దిగే పని లేకుండా గేటు తీసి పెట్టేదాన్ని. ఇప్పుడూ తీస్తున్నాను."

నాలుగేళ్లుగా సాయంత్రం పూట ఆ గేటు వేస్తున్నది జ్ఞానమణే. కుక్కలు వస్తాయే మతిమరుపుదానా, అని తిడుతూ వేస్తోంది. ఇవాళ కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఆ ఫారంలో నేను అవును అని పెట్టానే," అంది.

"తెలుసమ్మా. చూశాను."

శ్రీలలిత రాసుకుని వెళ్లిపోయింది. ఐదూ నలభైకి ప్రేమమణి గేటు తీసింది. జ్ఞానమణి వరండాలో కుర్చీలో కూర్చునే ఉంది, వేయడానికి లేవలేదు. వీధి కుక్క ఒకటి లోపలికి వచ్చి, స్కూటర్ పెట్టేచోట వాసన చూసి పడుకుంది. దాన్నీ అదిలించలేదు.

ప్రేమమణికి అప్పుడూ ఏడుపు రాలేదు. లోపలికి వెళ్లి, టీ తాగిన మూడు కప్పులూ కడిగింది. కడిగినవే మళ్లీ కడుగుతుంటే జ్ఞానమణి వచ్చి పక్కన నిలబడింది. తల మీద చెయ్యి వేయలేదు. కప్పులు ఒక్కొక్కటే అందుకుని తుడిచింది.