గడియారం దించని పెయింటర్

మా బాబాయి ముప్పై ఏళ్లుగా ఇళ్లకు రంగులేస్తున్నాడు. ఆయనకు రెండు పట్టింపులు. ఒకటి, గోడ మీది గడియారం దించడు. ఒక పూత ఆరడానికి నాలుగు గంటలు. దాన్ని చూసే రెండో పూత మొదలుపెడతాడు. రెండోది, పని ముగించాక గుమ్మంలో నిలబడి ఒకే మాట అంటాడు: "రంగు తగలని చోటు ఒక్కటి చూపించండి, జన్మలో కుంచె ముట్టను."

ఎవరూ చూపించలేదు. అందరివీ తెల్లగోడలు. తెలుపు మీద తెలుపు తగలకపోతే ఏ కంటికి ఆనుతుంది?

చివరికి ఒక లెక్చరర్ పిలిచి, హాలంతా ముదురు నేరేడు రంగు వేయమన్నాడు. సీలింగుకు, తలుపులకు, స్విచ్చులకు కూడా.

"ఎవరైనా పోయారా సార్?" అన్నాడు బాబాయి.

"ఎవరూ పోలేదు. గదిలోకి రాగానే ఒక మూడ్ రావాలి."

"లైటు తీసేస్తే వస్తుంది కదా, పైసా ఖర్చు లేకుండా!"

అన్నాడు గానీ వేశాడు. మూడు పూతలు. ఆ రంగు వెలుతురును గటగటా తాగేసింది. లెక్చరర్ సోఫా అనుకుని టీపాయ్ మీద కూర్చున్నాడు. ఎనభై ఏళ్ల వాళ్లమ్మ తన గది తలుపు కోసం అరగంట గోడ తడిమి, బీరువా తెరిచింది. లెక్చరర్‌కు మాత్రం పట్టరాని సంతోషం. బాబాయి గుమ్మంలో నిలబడి తన మాట అనేసి వెళ్లాడు.

నాలుగో రోజు గడియారం ఆగింది. సెల్లు మార్చడానికి లెక్చరర్ దాన్ని దించాడు. ఆ చీకటి గోడలో పళ్లెమంత తెల్లటి గుండ్రం!

కబురందుకుని బాబాయి వచ్చాడు, వెనకే పిన్ని. ఆయన గోడను చూశాడు. సంచిలోంచి కుంచె తీసి టీపాయ్ మీద పెట్టేశాడు.

"అన్న మాట అన్నదే."

"బాగుంది సంబడం!" అంది పిన్ని. "రేపట్నుంచి ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటారా? ఆ పని తప్ప మీకేమొచ్చు?"

అప్పుడే పెద్దావిడ గదిలోంచి చరచరా నడిచి వచ్చింది. గోడ ముట్టుకోలేదు.

"ఇవాళ్టికి దారి తెలిసిందిరా నాయనా! తెల్లదానికి ఎడంపక్క నా గది."

"అమ్మా, అది రంగు తగలని చోటు," అన్నాడు కొడుకు.

"నీ మొహం. ఇల్లు మొత్తానికి పనికొచ్చేది అదొక్కటే. దాని జోలికెళ్లావో, బీరువాలోనే కాపురం పెడతాను."

బాబాయి చేతులు కట్టుకున్నాడు. "తప్పా కాదా తేల్చండమ్మా. నా కుంచె సంగతి మీ మాట మీదే ఉంది."

"తగలకూడని చోటంతా తగిలించావు. తగలకూడదని నీకు తెలిసింది అక్కడొక్కచోటే. తీసుకో నీ కుంచె."

తీసుకున్నాడు. ఇప్పటికీ గడియారం దించడు. గుమ్మంలో మాట మాత్రం మార్చాడు: "గడియారం వెనక తప్ప, ఇంకెక్కడైనా చూపించండి!"

అది విన్నాక పాత ఇళ్లవాళ్లంతా స్టూళ్లెక్కారు.