ఎడమ పక్క సీటు

ముందే చెబుతున్నాను. నవ్వాలనుకునేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే మాత్రం లేచి వెళ్ళిపోతాను, మళ్ళీ చెప్పను. ఇది ఎవరో చెప్తే విన్నది కాదు. నా మోకాళ్ళకి జరిగింది. ఐనవిల్లి వినాయకుడి ముందు నిలబడి ప్రమాణం చెయ్యమన్నా చేస్తాను... ఆ రాత్రి మేము వస్తున్నది కూడా ఆ గుడి దగ్గరినుంచే.

నా సంగతి మీకు తెలుసు. కొత్తపేటలో ఎరువుల కొట్టు పెట్టుకుని బతుకుతున్నవాణ్ణి. ఎవరైనా దెయ్యం అంటే, పని లేక మాట్లాడుతున్నావురా అని మొహం మీదే తిట్టే రకం. అలాంటి నేనే ఇప్పుడు కారులో వెనక సీటు ఎక్కమంటే ఎక్కను. ఆటోలో వెళ్తాను.

మా బావగారు, అంటే మా అక్క వరలక్ష్మి భర్త, కుర్రతనంలో ఒక కారు కొన్నారు. రెండే తలుపులు. పొడుగు ముక్కు, పొట్టి పైకప్పు. స్పోర్ట్స్ కారు, కూపే అంటారు. పెళ్ళయిన కొత్తలో అక్కని ఎక్కించుకుని అమలాపురం సినిమాకి వెళ్తుంటే జనం అరుగులమీదికి వచ్చి చూసేవారు. తర్వాత ఆయన మస్కట్ వెళ్ళిపోయారు. కారు షెడ్డులో పడింది. కోళ్ళు అందులో గుడ్లు పెట్టేవి. ఆయన సెలవుకి వచ్చినప్పుడల్లా అక్క అడిగేది, దాన్ని ఎప్పుడు బాగుచేయిస్తారండీ అని. వచ్చేసేక చూద్దాంలే అనేవారు. వచ్చేశారు. ఆ ఏడాదే అక్కకి జ్వరం తగిలింది. కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్ళాం. మనిషి తిరిగి రాలేదు.

వాళ్ళకి పిల్లలు లేరు. బావగారు అన్నం మానేశారు. మా ఆవిడ పంపిన క్యారేజీ సాయంత్రానికి అలాగే తిరిగొచ్చేది. ఆరడుగుల మనిషి సగమైపోయారు. అక్క పోయింది, ఈయనా పోతారేమోనని నాకు నిద్ర పట్టేది కాదు. అమ్మానాన్నా పోయాక నన్ను చూసుకున్నది వాళ్ళిద్దరే. నాకు మిగిలిన పెద్దదిక్కు ఆయనొక్కరే. అలాంటి మనిషి ఒక పొద్దున్న మా గుమ్మంలోకి వచ్చి, "ఒరే సత్తిబాబూ, కారు బాగుచేయిద్దాం రా" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇంజను అయింది. రంగు అయింది. సీట్ల దగ్గరే చిక్కు వచ్చింది.

ఆయనకి పాత సీట్లే కావాలి. ముఖ్యంగా ఎడమ పక్కది, అక్క కూర్చున్నది. అమలాపురం నుంచి సీట్ల మేస్త్రి వీర్రాజుని పిలిపించాను. అతను రెక్సిన్ చింపి చూపించాడు. లోపల ఎలుకలు తరతరాలుగా కాపురం చేశాయి. ఇనుప చట్రం చేత్తో పట్టుకుంటే అప్పడంలా విరిగింది.

"లాభం లేదండి. ఉప్పుగాలి తినేసిందండి. వేరే సీట్లు చూసుకోవాలండి," అన్నాడు.

బావగారు ఆ విరిగిన ముక్క చేతిలోకి తీసుకున్నారు. తర్వాత "ఆయ్... చూడండి మరి" అన్నారు.

మొదట ఈ కాలం కారువి ఒక జత తెచ్చాడు. మెత్తగా ఉన్నాయి గాని ఎత్తు. బావగారు కూర్చుంటే తల పైకప్పుకి తగిలి మెడ వంకరపోయింది. పోనీ కొత్తవి చేయిస్తానంటే, "పాత కారులో కొత్త సోఫా ఏంట్రా, పెళ్ళివారి బండిలాగ" అని ఆయనే కొట్టిపారేశారు. మూడో జత భీమవరం అవతల తుక్కు కొట్టులో దొరికింది. కిందికి, పొట్టిగా, నడుముని రెండు పక్కలా పట్టుకునే బకెట్ సీట్లు. నల్ల తోలు. కారుతోపాటు పుట్టినట్టే ఉన్నాయి. ఏ బండివని అడిగితే కొట్టువాడు చెప్పలేదట.

ఆ రోజు ముసురు. అంతకుముందు రోజునుంచీ ఎండ మొహం చూడలేదు. వీర్రాజు రెండు సీట్లూ షెడ్డు నేలమీద పక్కపక్కన పెట్టాడు. బావగారు కుడిదాంట్లో కూర్చుని, ఎడమదానిమీద చెయ్యి వేశారు. వేసి... తియ్యలేదు.

"సత్తిబాబూ. ఇలా వచ్చి చెయ్యి పెట్టు."

పెట్టాను. వెచ్చగా ఉంది. బస్సులో ఎవరో లేవగానే మనం ఆ సీట్లో కూర్చుంటాం చూడండి... ఆ వెచ్చదనం. పొద్దుటినుంచీ అందులో ఎవరూ కూర్చోలేదు.

"తోలు కదండీ. వేడి పట్టుకుంటాదండి," అన్నాడు వీర్రాజు.

"మరి కుడిదీ తోలే కదయ్యా?" అన్నాను.

అతను పనిముట్లు సర్దుకుంటూ మాట మార్చేశాడు. బావగారు మాత్రం "ఇవే బిగించండి" అన్నారు. ఆ మొహంలో వెలుగు చూసి ఎన్ని నెలలైందో. ఇంక నేనేం అంటాను?

సీట్లు బిగించినప్పటినుంచీ ఆయన సాయంత్రమైతే కారులోనే. మాటలు వినిపించేవి. ఒకరోజు గుమ్మం దగ్గర ఆగి విన్నాను. కొబ్బరికాయల దింపు సంగతి, పక్కింటి గోడ గొడవ, అన్నీ వరసగా చెబుతున్నారు. ఆగుతున్నారు. మళ్ళీ చెబుతున్నారు.

"ఎవరితోనండీ?" అన్నాను.

నవ్వారు. "మీ అక్కతోరా. వచ్చి కూర్చుంటోంది."

ఇంటికి వచ్చి మా ఆవిడకి చెప్పాను. "పోనివ్వండి. అన్నం తింటున్నారు కదా," అంది. నిజమే. క్యారేజీ ఖాళీగా వస్తోంది. బుగ్గలు కాస్త నిండాయి. నోరు మూసుకున్నాను. కానీ ఒక్క మాట ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. అక్క కూర్చున్న సీటు తుక్కులో కలిసిపోయింది. ఇది ఎవరిదో సీటు. ఇందులో అక్క ఒక్కసారి కూడా కూర్చోలేదు.

కారు పూర్తయ్యాక బండి పూజకి ఐనవిల్లి బయల్దేరాం. నేను ఎడమ పక్క తలుపు తీశాను. బావగారు "అక్కడ కాదు, అది మీ అక్కది" అన్నారు. సరే అని ఆ సీటునే ముందుకి వంచి, దూరి, వెనక కూర్చున్నాను. వెనక సీటంటే పేరుకే. చిన్నపిల్లలకైతే సరిపోతుంది. బావగారు పొడుగు కాబట్టి ఆయన వెనక చోటే లేదు, ఎడమ సీటు వెనక ముడుచుకున్నాను. అక్క పొట్టి. ఎప్పుడూ సీటు బాగా ముందుకి లాక్కునేది. బావగారు దీన్నీ అలాగే ముందుకి లాగి పెట్టారు. అందువల్ల నా మోకాళ్ళకి జానెడు ఖాళీ దొరికింది.

పూజ అయింది. నిమ్మకాయలు తొక్కించాం. తెలిసినాయన కనబడి మాటల్లో పెట్టాడు. చీకటి పడిపోయింది. సన్నగా చినుకులు మొదలయ్యాయి.

తిరిగి వస్తుంటే కాలవ మీద ఇరుకు వంతెన. అవతలినుంచి కొబ్బరికాయల లారీ అప్పుడే ఎక్కేసింది. బావగారు పక్కకి ఆపారు. ఇంజను కట్టేశారు.

కప్పలు అరుస్తున్నాయి. పైకప్పుమీద చినుకులు... టప్... టప్... ఇంజను చల్లారుతూ ఎక్కడో టిక్కుమంటోంది.

అప్పుడు... నా ముందున్న సీటు ఊపిరి వదిలింది.

ఉండండి. సరిగ్గా చెబుతాను. బరువైన మనిషి మెత్తటి సీట్లో కూలబడితే లోపలి గాలి బయటికి వస్తుంది కదా... హుస్... అని. ఆ చప్పుడు. తలుపు తెరుచుకోలేదు. ఎవరూ ఎక్కలేదు. తోలు కిర్రుమంది. సీటు వీపు కొంచెం నావైపు వాలింది.

తర్వాత కింద, సీటు జరిగే పట్టాల్లో...

టక్.

సీటు ఒక గాటు వెనక్కి జరిగింది.

టక్...

మోకాళ్ళకి తగిలింది.

టక్.

నొక్కేసింది. కాళ్ళు పొడుగున్న మనిషి చోటు చేసుకుంటాడే, అలాగ... నింపాదిగా. తొందరేమీ లేదు. రెండు చేతులూ పెట్టి తోశాను. ఖాళీ సీటుని తోస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసండి. ఇది అలా లేదు. అవతలినుంచి ఎవరో వీపు ఆనించుకుని ఉన్నారు. తోలు వెచ్చగా ఉంది. నాకు తలుపు లేదు... ఆ సీటు వంగితే తప్ప బయటపడే దారి లేదు.

లారీ లైట్లు మా అద్దంమీద పడ్డాయి. కారంతా పట్టపగలైంది. చూశాను... సీటు ఖాళీ. ఎదురుగా అద్దం కనబడుతోంది. అద్దంమీద వాన కనబడుతోంది. మధ్యలో ఎవరూ లేరు. మోకాళ్ళమీద బరువు మాత్రం అలాగే ఉంది.

"బావగారూ..." అన్నాను. "బావగారూ, సీటు..."

ఆయన వెనక్కి తిరగలేదు. ఎడమ పక్కకి కాస్త తల వంచారు. రైల్లో పక్కాయనతో మాట్లాడినట్టు, నెమ్మదిగా, మర్యాదగా అన్నారు...

"వెనకాల మా బావమరిది ఉన్నాడండి. సత్తిబాబని. కాళ్ళు నలిగిపోతున్నాయండి పాపం. కాస్త ముందుకి జరుగుతారా?"

ఏమీ లేదు. లారీ మమ్మల్ని దాటి వెళ్ళిపోయింది. మళ్ళీ చీకటి.

టక్... అని సీటు ఒక గాటు ముందుకి జరిగింది.

నాకు అసలు వణుకు అప్పుడు పుట్టింది. అక్కకి నన్ను పరిచయం చేస్తారా ఎవరైనా? నన్ను చంకనేసుకుని తిప్పిన మనిషికి?

ఇల్లు చేరేదాకా నేను కళ్ళు తెరవలేదు. బావగారు దిగి, వచ్చి, ఆ సీటు వంచి నన్ను దింపారు. తేలిగ్గా వంగింది. రాత్రి చూసుకుంటే రెండు మోకాళ్ళూ కమిలిపోయి ఉన్నాయి. మా ఆవిడ కాపడం పెట్టింది. ఏమైందని అడిగితే చెప్పలేదు.

పొద్దున్నే వీర్రాజుని పట్టుకొచ్చాను. బావగారు పొలం వెళ్ళిన సమయం చూసి సీటు విప్పించాను. లివరు బిగువుగానే ఉంది. పట్టాలు వంకర లేవు.

"వెనక గాట్లే అరిగేయండి," అన్నాడు వేలు పెట్టి చూపిస్తూ. "ముందువి కొత్తవాటిలాగే ఉన్నాయండి. ఇదివరకు ఇందులో కూర్చున్నాయన బాగా పొడుగై ఉంటాడండి."

"బండి ఆగి ఉండగా దానంతట అది జారుతుందా?"

"జారకూడదండి." లివరు ఒకసారి లాగి చూశాడు. "పాత సామాను కదండీ... ఇదీ అని చెప్పలేమండి."

సీట్లు తీసుకుపొమ్మన్నాను. కొత్తవి నేనే చేయిస్తానన్నాను. అతను రెండో సీటు విప్పుతుండగా బావగారు వచ్చేశారు. కేకలు వేస్తారనుకున్నాను. వెయ్యలేదు. పలుగూ పారా పక్కన పెట్టి, నేలమీద ఉన్న ఆ సీటు పక్కన గొంతుకూర్చున్నారు.

"బావగారూ, అది అక్క కాదండి," అన్నాను. నాకు ఏడుపొచ్చేసింది. "ఎవరో అండి. అక్క కాదండి."

"తెలుసురా," అన్నారు.

వీర్రాజు స్పానరు కింద పెట్టేశాడు.

"మొదటి రోజే తెలిసింది. మీ అక్కైతే నన్ను అంతసేపు మాట్లాడనిస్తాదేంట్రా? మధ్యలో పది మాటలు అడ్డం పెట్టదూ?" కొంచెం నవ్వారు. "మీకు మీ అక్కే అని చెప్తే ఊరుకుంటారని అలా చెప్పేను."

"మరి ఎవరండీ?"

"అడగలేదు."

"ఇన్నాళ్ళనుంచీ పక్కన కూర్చోబెట్టుకుని... ఎవరో అడగలేదా?"

ఆయన ఆ తోలుమీద అరచెయ్యి ఆనించి ఉంచారు. "అడిగితే లేచి వెళ్ళిపోతారేమోనని భయంరా."

నేను వీర్రాజువైపు చూశాను. అతను నావైపు చూశాడు. మళ్ళీ బోల్టులు బిగించడం మొదలుపెట్టాడు. నేను ఆపలేదు.

పట్టాలు జారాయంటారా, నేను భయంతో ఊహించుకున్నానంటారా... మీ ఇష్టం. నాకైతే తెలీదు. ఇప్పటికీ చీకటి పడ్డాక ఆ కారు కాలవ గట్టు వెంట వెళ్తుంటే కొట్లోంచి చూస్తాను. మా బావగారు ఎడమ పక్కకి తిరిగి మాట్లాడుతూ ఉంటారు. ఆ పక్కన కూర్చున్నది మంచివాళ్ళో కాదో కూడా తెలీదు. మా బావగారిని ఎవరికి అప్పజెప్పానో నాకు తెలీదు.