శుద్ధమైన నీళ్లు

గద్వాలలో మా ఇంటికి కరెంటు ఉండేది. అంటే, తీగ ఉండేది. సరిగ్గా దీపాలు పెట్టే వేళకు ఆ తీగలోంచి కరెంటు మాయమయ్యేది. తొంభైల మొదట్లో మా వీధి మగ్గాలన్నీ పొద్దు గుంకగానే నోరు మూసుకునేవి.

అలాంటి రోజుల్లో మా అమ్మ తమ్ముడు బస్సు టాపు మీద ఒక సోలారు పలక, ఒక బ్యాటరీ, ఒక ట్యూబులైటు వేసుకుని దిగాడు. వనపర్తిలో రేడియోలు, బ్యాటరీలు బాగుచేసే దుకాణం ఆయనది.

"అక్కా, ఇగ కరెంటోళ్లతోని పనే లేదు. ఎండనే కరెంటు!" అన్నాడు.

మా అవ్వ, అంటే మా నాయన తల్లి, పలకను తడిమి చూసింది. "ఎండకు పెడితే వడియాలు ఎండుతయి గని, కరెంటెట్లయితది కొడుకా?"

మామ నవ్వి మిద్దెక్కాడు. వాన నీళ్లు నిలవని ఎత్తు చోటు చూసి, పాత గవాచి మూత మీద పలక పెట్టాడు. గవాచి అంటే మట్టి మిద్దెలో వెలుతురు కోసం వదిలే కంత. మా తాత పోయాక, వానకు మగ్గం తడుస్తోందని దాన్ని బండతో మూసేశారు. తర్వాత అందరం మరిచిపోయాం.

దిగివచ్చి మామ ఒక సీసా ఇచ్చాడు. "బ్యాటరీల నీళ్లు తగ్గుతుంటయి. శుద్ధమైన నీళ్లే పొయ్యాలె. నల్లా నీళ్లు, బాయి నీళ్లు పోసిండ్రో, ఖతం!"

ఇక ఆ ఒక్క లైటు ఎవరికి? పదో తరగతి చదువుతున్నాను కదా, నాకే అనుకున్నాను. కాదట, చిన్నత్తకట! నాకు ఒళ్లు మండిపోయింది.

చిన్నత్త మా నాయన చెల్లెలు. పెళ్లయిన కొన్నాళ్లకే పుట్టింటికి వచ్చేసింది. ఎందుకని నన్నడగొద్దు, ఇంట్లో ఎవరూ నాకు చెప్పలేదు. మా వీధిలో ఆడవాళ్లు నూలు కండెలు చుట్టాలి, మగవాళ్లు మగ్గం గుంటలో కూర్చోవాలి. చిన్నత్తకు మాత్రం తన పేరు మీద తనకో పడుగు, అంటే మగ్గానికెక్కించే నిలువు పోగులు, కావాలి. ఎవరి చేతి కిందా ఉండకుండా నేసుకుని బతకాలి. పట్టూ నూలూ ఇచ్చి నేయించుకునే షావుకారు అది విని నవ్వాడు గానీ, కాదనలేదు.

"దసరా లోపల ఒక్క చీర నేసి చూపెట్టమ్మా. కుట్టు సరిగ్గుంటే పడుగిస్త. లేకుంటే కండెలే చుట్టుకో."

కుట్టంటే సూదితో వేసేది కాదు. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. ఆ రెండు పోగులూ ప్రతి వరుసలో ఒకదాన్నొకటి కొక్కెంలా పట్టుకోవాలి. ఒక్క చోట తప్పినా అంచు విడిపోతుంది. కిటికీ పక్క మగ్గం నాయనది. చిన్నత్తకు దొరికింది లోపలి గదిలో తాత మగ్గం. అక్కడ మిట్టమధ్యాహ్నం కూడా చీకటే. అందుకని లైటు అక్కడికి పోయింది, రెండో అంచు పోగులు అందుకోవడానికి అమ్మా అక్కడికే పోయింది, వంట నా నెత్తిన పడింది.

అవ్వ గొణుగుడికి అంతే లేదు. "ఆడదానికి గుంటెందుకే? నడుం పడిపోతది. చెప్తే వినదు, మొండిది!"

చీర సగానికి వచ్చింది. అప్పుడు లైటు నీరసపడింది. రోజురోజుకూ గుడ్డి దీపమైపోయింది. చిన్నత్త నాలుగు వరుసలు నేయడం, మూడు విప్పడం. చివరికి పోగు నడిపే నాడెను పక్కన పెట్టేసి, "నా నసీబే గింత వదినా," అని ఏడ్చింది. నాకు లైటు మీద కోపమంతా ఎటు పోయిందో!

కబురు పెడితే మామ వచ్చాడు. బ్యాటరీ అంచుల దాకా నిండింది, పొంగిన యాసిడ్ కింద గచ్చును తినేసింది. మూత తిప్పి లోపలికి తొంగిచూసి, పుల్లతో ఏదో పైకి తీశాడు.

"ఇదేందక్కా?"

నల్లబడిన తులసాకు.

అందరం అవ్వ వైపు తిరిగాం. అవ్వ స్తంభం వైపు తిరిగింది.

"నువ్వే గద శుద్ధమైన నీళ్లు పొయ్యమన్నవ్! బీచుపల్లి కిష్ణమ్మ నీళ్లకంటె శుద్ధమైనయి యాడుంటయి?"

మామ నవ్వు ఆపుకోలేక కూలబడ్డాడు. నేనైతే కడుపు పట్టుకుని పడి పడి నవ్వాను. అమ్మ మాత్రం నవ్వలేదు, దేవుడి గూటి వైపు చూస్తోంది. అక్కడ రాగి చెంబు బోర్లించి ఉంది.

ఆ చెంబు సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు. బీచుపల్లి ఆంజనేయుడి దర్శనానికి పోయినప్పుడు అక్కడి కృష్ణలోంచి అవ్వ తెచ్చుకున్న నీళ్లు. తులసాకులు వేసి, మూతకు గుడ్డ కట్టి, "నేను పొయ్యేనాడు నా కొడుకు నా గొంతుల పోస్తడు," అని దాచుకుంది. ఒకసారి దాహమేసి దాని మీద చెయ్యి వేస్తే నా వీపు చిట్లగొట్టింది.

"అమ్మా, అవి నీకని పెట్టుకున్నయి గదనే!" అంది చిన్నత్త.

"ఏం జెయ్యాలె మరి? సీసల నీళ్లు అయిపాయె, నీ వెలుగు తగ్గవట్టె. నా గొంతుకేంది, బాయి నీళ్లయినా దిగుతయి. నీ బ్యాటరీకే గద శుద్ధమైనయి కావాలె!"

చిన్నత్త లేచి అవ్వను గట్టిగా పట్టుకుంది. "ఇడువే, ఊపిరాడ్తలేదు," అంటూనే అవ్వ కూడా కళ్లొత్తుకుంది.

బ్యాటరీని వనపర్తి తీసుకుపోవాలని, దసరాలోగా కాదని మామ తేల్చేశాడు. నాయన గడ్డపార తీసుకుని మిద్దెక్కాడు. పైన ఏదో జరిపిన చప్పుడైంది. దబ్బుమని మట్టి రాలింది. ఆ వెంటే ఇంత వెలుతురు తిన్నగా తాత మగ్గం మీద పడింది. ఎండను పట్టే పలకను తెచ్చి, ఎండ వచ్చే కంత మీదే కూర్చోబెట్టామన్నమాట! మా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఆ తర్వాత పగలంతా చిన్నత్త నేసింది. మబ్బు పట్టినప్పుడల్లా నాయన తన మగ్గం దిగి, మిద్దెక్కి, బండ మూసి వచ్చేవాడు. మబ్బు విడితే మళ్లీ ఎక్కేవాడు. "ఈ కొలువేందిర నాకు!" అని విసుక్కునేవాడు గానీ ఒక్కసారీ మానలేదు.

దసరాకు ముందు షావుకారు వచ్చి, చీర అంచును రెండు చేతులా పట్టి గుంజాడు. బొటనవేలితో రుద్దాడు. మళ్లీ గుంజాడు. కుట్టు చెక్కుచెదరలేదు. ఎప్పుడూ నాయనతోనే మాట్లాడే మనిషి చిన్నత్త వైపు తిరిగి, "పడుగు పంపిస్తనమ్మా," అన్నాడు.

మర్నాడే చిన్నత్త బస్సెక్కి బీచుపల్లి పోయి, ఆ రాగి చెంబు నింపుకొచ్చి అవ్వ చేతిలో పెట్టింది. అవ్వ తులసాకులు వేసింది, గుడ్డ కట్టింది, గూటి దాకా పోయింది. అక్కడ ఆగి వెనక్కి వచ్చింది.

"నా కాడుంటే మళ్ల దేంట్లనో పోస్త. నీ కాడనే ఉండనియ్యి. ఆనాడు నువ్వే పొయ్యి."

"కొడుకుండంగ బిడ్డ పోసుడేంది అత్తా?" అని అమ్మ నోరు వెళ్లబెట్టింది.

"ఆడిది మగ్గమే నేసింది. గిన్ని నీళ్లు పొయ్యలేదా?"

నాయన మేకు తెచ్చి, గవాచి కింద, చిన్నత్త చేతికందే ఎత్తులో గోడకు కొట్టి ఆ చెంబును తగిలించాడు.