తునికాకు మీద పురుగు గీత

కోరుట్లలో బీడీలు చేసే ఆడవాళ్ళు ఠేకేదారు ముందు గొంతు పెంచరు. ఇంటికి తునికాకు, తంబాకు ఇచ్చేది అతనే, చేసిన బీడీలు తీసుకునేదీ అతనే. ఆ రోజు సుజాత పెంచింది. చాట పట్టుకుని వరుసలో ఆమె వెనకే నిలబడ్డ పోశవ్వ అంతా కళ్ళారా చూసింది.

ఠేకేదారు రవీందర్ సుజాత కట్టల్లో సగం పక్కకు నెట్టాడు. ఆకు మీద గీతలున్నాయి, గోళ్ళతో గీకావన్నాడు.

"నా గోరా? సరిగ సూడు రవీందరన్నా. గీత గీడ ఎంటికంత సన్నగ మొదలైంది. పోంగ పోంగ లావైంది. కొసకు చీలిక. పురుగు గీడ పిల్లగ సొచ్చింది, తినుకుంట తినుకుంట పెద్దగై గాడ బయటపడ్డది. నా గోరు గంతల్నె పెరుగుతదా?"

"పురుగు లేదు గిరుగు లేదు. జరుగు."

"జరగ. నీ గోదాంల కట్ట ఒకటి ఇప్పు."

అతను విప్పకపోతే తనే లాగి విప్పింది. నేల మీద ఆకులు పరిచింది. పదకొండు ఆకుల మీద అదే గీత. వరుసలో వాళ్ళు నవ్వారు. ఆ నవ్వు పడక రవీందర్ ఆమె కట్టలన్నీ తీసుకున్నాడు, ఆ చిరాకులో పోశవ్వవి చూడకుండానే తీసుకున్నాడు. అయినా పోశవ్వ ఒక్క మెచ్చుకోలు మాట అనలేదు. అసలే ఆ మనిషికి పొగరు, మళ్ళీ తనెందుకు పెంచాలి.

పొగరు కాక మరేమిటి? ఏడో తరగతితో బడి మానేసి, పన్నెండేళ్ళకే కత్తెర పట్టిన మనిషి. మగడు సిరిసిల్లలో బట్ట నేసే సాంచెల మీద పనిచేస్తూ ఆదివారానికి వస్తాడు. నలుగురితో కూర్చుని బీడీలు చుట్టుకుంటూ కోడళ్ళ మీద నాలుగు చాడీలు చెప్పుకోవచ్చు కదా. ఈమె గీతలున్న ఆకులు ఏరి పాత క్యాలెండర్ కాగితాల మధ్య దాస్తుంది. వాటికి ఫోటోలు తీసి ఫోన్‌లో ఒక గ్రూపుకు పంపుతుంది. పురుగులు, ఆకులు, సాలెగూళ్ళ మీద పిచ్చి ఉన్నవాళ్ళు అందులో పన్నెండు వేల మంది ఉన్నారట.

"శ్రీకాకుళం దిక్కు ఒకామె జీడిమామిడి ఆకు మీద గిసుంటి గీతనే సూసిందట అత్తా," అని ఒకసారి మురిసిపోతూ చెప్పింది.

"సూస్తె? నీకు బువ్వ వండి పెడతదా?"

"బువ్వ నేనే వండుకుంట. అడిగెటోళ్ళు లేక ముప్పై ఏండ్లు నోరు మూసుకున్న. గిప్పుడు అడుగుతున్నరు."

ఆ గ్రూపులోనూ అందరూ మురిసిపోయేవాళ్ళు కాదు. జగిత్యాలలో కాలేజీ పాఠాలు చెప్పి రిటైరైన ప్రభాకర్ అనే ఆయన అది పురుగు కాదు, బూజు తెగులు అని రాశాడు. బీడీలు చుట్టేవాళ్ళు బీడీలు చుట్టుకుంటే మంచిదని కూడా రాశాడు. సుజాత ఊరుకోలేదు. "సార్, బూజైతే ఒక దిక్కే ఎందుకు లావైతది? కొసకు తొవ్వ ఎవలు చేసిన్రు?" అని అడిగింది. ఆయన ఒక్కటే పట్టుకున్నాడు. పురుగుంటే పురుగును చూపించమన్నాడు. గోదాములో ఏడాది ఎండిన ఆకులో పురుగు ఎక్కడుంటుంది?

ఆమె మునిగింది మాత్రం ఆయన వల్ల కాదు, తన చేతితోనే. ఫోటో తీసేటప్పుడు కొలత తెలియడానికి పక్కన ఏదైనా పెట్టమంటారు ఆ గ్రూపులో. ఒకరు రూపాయి బిళ్ళ పెడతారు, ఒకరు అగ్గిపుల్ల. సుజాత చేతికందింది బీడీ కట్ట. పెట్టింది. కట్ట మీద కంపెనీ లేబుల్ స్పష్టంగా కనబడింది. ఎవడో ఆ ఫోటో పట్టుకెళ్ళి "బీడీలో పురుగులు" అని ఊరంతా తిప్పాడు. అది కంపెనీ దాకా పోయింది.

మర్నాడు పొద్దున్నే రవీందర్ గల్లీలోకి వచ్చాడు. బండి కూడా దిగలేదు.

"సుజాతమ్మ ఫోటోలన్నీ తీసేసేదాక గీ గల్లీకి ఆకు బంద్. ఒక్కటి మిగిలినా బంద్. నాకు కాదు, ఆమెకు చెప్పుకోండ్రి."

ముప్పై ఇళ్ళ ఆడవాళ్ళు సుజాత వాకిట్లో చేరారు. నవ్విన నోళ్ళే తిట్టాయి. గ్రూపులో చేరడం ఆమెకు నేర్పిన పక్కింటి ఫర్హీన్ కూడా, "నేను పాటలు వినమని ఫోన్ నేర్పిన, మా పొయ్యిల నీళ్ళు పొయ్యమని కాదు," అంది. అందరికంటే ముందు నిలబడింది పోశవ్వ.

"కంపెనీ ఆకు మీద నీ పెత్తనమేంది? ఆకును కత్తిరించుమన్నరు, సదువుమన్నరా? తియ్యి. నేను గీన్నే కూసుంట. అన్నీ తీసేదాక లేవ."

"అబద్ధం పెట్టలేదు కద అత్తా."

"నిజమైతె నాకేంది. నాకు ఆకు కావాలె."

సుజాత గడప మీద కూర్చుని తీసేసింది. మూడేళ్ళ ఫోటోలు, అరవై రెండు. ఒక్కోటి తీస్తుంటే దాని కింద జనం రాసినవి, ఆమె రాసినవి అన్నీ పోయాయి. శ్రీకాకుళం ఆమె మాటలు కూడా పోయాయి. పోశవ్వకు చదవడం రాదు కానీ లెక్క పెట్టగలదు, చివరిదాకా లెక్కపెట్టింది. సుజాత ఏడుస్తుందేమోనని చూసింది. ఏడవలేదు. అది పోశవ్వకు మరింత మంట పుట్టించింది.

ఆ సాయంత్రమే గల్లీకి ఆకు వచ్చింది. ఆకుతో పాటు గ్రూపులో ప్రభాకర్ మాట కూడా వచ్చింది. పురుగు లేదు కాబట్టే ఆమె ఫోటోలు తీసేసి పారిపోయిందని రాశాడు. కింద నూట ఇరవై మంది పళ్ళికిలించారు.

ఉగాది దాటిన వారానికి పోశవ్వ బట్టలు సంచిలో సర్దుకుంటోంది. ఆమె కూతురి ఊరు వెల్గటూర్ అవతల, గుట్టల పక్కన. ఎండాకాలం తునికాకు తెంపడానికి ఏటా పోతుంది. అప్పుడు సుజాత వచ్చింది. వాకిట్లో తిట్టిన నాటినుంచి ఇద్దరికీ మాటల్లేవు.

"ఫోటోలన్ని తీసేపిచ్చినవు. గా సారు నన్ను దొంగను చేసిండు," అంది.

"తిట్టుడుకు అచ్చినవా?"

"పనికి అచ్చిన. కంపెనీ ఆకు కంపెనీదే. ఇగ ముట్ట, ఫోటో తియ్య. అడివి కంపెనీది కాదు కద."

పోశవ్వ సంచి మూతి కట్టడం ఆపింది.

"ఆకు తెంపంగ గీత కనబడితె కొసకు సూడు. చీలిక ఉంటె ఒద్దు, గది ఎల్లిపోయినట్టు. చీలిక లేకుంటె ఎండకు ఎదురుగ పట్టు. లోపల నూకగింజంత నల్లగ కదులుతది. గా ఆకు ఒక్కటే తెంపకు, రెమ్మతోనే ఇరువు. నీళ్ళు సల్లకు, కవర్ల కట్టకు. కాయితంల సుట్టి, ఒళ్ళె పెట్టుకొని బస్సెక్కు. పానంతోని తేవాలె అత్తా."